వార్షిక నివేదిక: ఒక్కరికే తెలిసిన సంగతి

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కూడా నెలనెలా సమావేశం జరిగింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. మన సమయం ఎక్కువగా ఒకే పనికి ఖర్చయింది కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నాను.

ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లేవాళ్లు మందులు ఎలా వాడాలో చెప్పే చిన్న పుస్తకం అది. ఒక నర్సు, డిజైనర్, గణాంక నిపుణుడు, భాష బోధించే టీచర్ కలిసి పనిచేశారు. మొదటి రెండు సమావేశాలూ ‘నమూనా’ అనే మాట దగ్గరే ఆగిపోయాయి. నర్సుకు నమూనా అంటే పరీక్షకు తీసే రక్తం. గణాంక నిపుణుడికి సర్వే కోసం ఎంచుకునే కొద్దిమంది. డిజైనర్‌కేమో అచ్చుకు ముందు చేసే డమ్మీ పుస్తకం. ‘నమూనా సిద్ధమేనా?’ అంటే ఒకరు అవునన్నారు, ఇంకొకరు కాదన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు. అప్పటినుంచి ఇలాంటి మాటలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటున్నాం.

అంతకంటే పెద్ద పాఠం తర్వాత వచ్చింది. మందుల అట్టపెట్టెల బొమ్మలతో పేజీలన్నీ తయారయ్యాక, ఇంటికెళ్లగానే చాలామంది పెట్టె పారేసి స్ట్రిప్పులే ఉంచుకుంటారని నర్సు చెప్పారు. బొమ్మలన్నీ మళ్లీ గీయాల్సి వచ్చింది. ఆ సంగతి ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. అందరికీ తెలిసిందే కదా అనుకున్నారు. అడగకపోవడం సమావేశాలు నడిపిన నా పొరపాటే.

దీని మీద 1985లో గారొల్డ్ స్టాసర్, విలియం టైటస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. అభ్యర్థుల గురించి కొన్ని వివరాలు అందరికీ ఇచ్చారు, కొన్ని ఒక్కొక్కరికి విడిగా ఇచ్చారు. విడి వివరాలన్నీ కలిపి చూస్తేనే మేలైన అభ్యర్థి ఎవరో తెలుస్తుంది. బృందాలు ఎక్కువగా ఉమ్మడి వివరాల చుట్టూనే మాట్లాడుకుని, అతన్ని ఎంచుకోలేకపోయాయి. వేర్వేరు రంగాలవాళ్లను ఒకచోట కూర్చోబెడితే సరిపోతుందని నేనూ ఇన్నాళ్లూ నమ్మాను.

ఇప్పుడు ప్రతి సమావేశంలో మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు. ‘ఇక్కడ నాకు మాత్రమే తెలిసి ఉండే సంగతి ఏమిటి?’ అనే ప్రశ్నకు జవాబు రాస్తారు. కలిసి బ్రెయిన్‌స్టార్మింగ్ చేసిన బృందాలకంటే, అంతే మంది విడివిడిగా ఆలోచించి తర్వాత కలిపినప్పుడే ఎక్కువ ఆలోచనలు వచ్చాయని 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం చూపించింది. కొత్తలో ఆ నిశ్శబ్దం కొంత టెన్షన్ పెట్టింది, ఇప్పుడు అలవాటైంది.

అలా రాసిన కాగితాల్లోనే టీచర్‌గారి వాక్యం దొరికింది: ‘పూటకొకటి అంటే కొందరు రెండనుకుంటారు, కొందరు మూడనుకుంటారు.’ నర్సు వెంటనే, డోసులు అక్కడే తప్పుతాయన్నారు. డిజైనర్ స్ట్రిప్పు ఆకారంలోనే ఒక పేజీ గీసి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి గడులు పెట్టారు. కొద్దిమందికి చూపించి, ఏ గడి దగ్గర తడబడుతున్నారో గణాంక నిపుణుడు లెక్క తీశారు. ఆ పేజీ అంతకుముందు నలుగురిలో ఎవరి ఊహలోనూ లేదు. ఈ ఏడాది నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది అదే.

వచ్చే ఏడాది వినికిడి తగ్గినవాళ్ల కోసం ఇలాంటి పుస్తకమే తేవాలనుకుంటున్నాం. సౌండ్ ఇంజినీర్లు, సంగీతం నేర్పేవాళ్లు, సైగల భాష తెలిసినవాళ్లు కావాలి. వచ్చే సమావేశంలోగా మీ పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి