వీధిని చీల్చే హద్దు వద్దు

సంపాదకులకు,

ఇంగ్లండులో కౌంటీ కౌన్సిళ్ల (జిల్లా స్థాయి స్థానిక సంస్థల) డివిజన్ల, అంటే సభ్యులను ఎన్నుకునే వార్డుల వంటి ప్రాంతాల, హద్దులను 2010లో ఏర్పడిన స్వతంత్ర కమిషన్ సవరిస్తుంది. ఒక్కో సభ్యునికి వచ్చే ఓటర్ల సంఖ్య వీలైనంత సమానంగా ఉండేలా చూడడంతో పాటు, స్థానికుల అనుబంధాలనూ పాలనా సౌలభ్యాన్నీ అది చట్టప్రకారం పట్టించుకోవాలి. ముసాయిదాపై ప్రజల అభిప్రాయాలు స్వీకరించాకే తుది సిఫార్సులు వెలువడతాయి.

నల్లగొండ జిల్లాలోని మా పట్టణంలో మాత్రం గత వార్డుల పునర్విభజన మా వీధిని నిలువునా చీల్చింది. ఎడమ వరుస ఇళ్లు ఒక వార్డులో, కుడి వరుస ఇళ్లు మరో వార్డులో చేరాయి. వేపచెట్టు దగ్గర మోరీ పూడుకుపోయి మురుగు గడపల దాకా వచ్చినా, అది తమ పరిధి కాదని ఇద్దరు కౌన్సిలర్లూ అన్నారు. వృద్ధులు ఆ మురుగులోనే నడవాల్సి రావడం బాధాకరం. మేము ముసాయిదా చూసేసరికే అభ్యంతరాల గడువు ముగిసింది. ఈసారైనా ఇంటి నంబర్లతో కూడిన పటాన్ని ప్రతి వార్డులో ముందుగా ప్రదర్శించి, వార్డు సభల్లో మా మాట విన్నాకే హద్దులు ఖరారు చేయాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా