టీనగర్ వెళ్లేవాళ్లకు

నమస్తే అండీ. చెన్నై టీనగర్‌లో పానగల్ పార్కు ఎదుటి ‘నల్లి’ పట్టుచీరల కొట్టును 1928లో పెట్టింది కంచి నేతగాడు నల్లి చిన్నసామి చెట్టి. మనవడు కుప్పుసామి చెట్టి 1956లో వ్యాపారంలోకి వచ్చారు. ఆ పార్కు పేరులోని పానగల్ రాజా మన కాళహస్తి జమీందారీ ఆయనే!

ఇక పట్టుచీర సంగతి. ఎక్కడ కొన్నా తిరగేసి చూడండి. కొర్వై నేతలో, అంటే అంచునూ చీర ఒంటినీ కలిపి నేసే పద్ధతిలో, అంచుకు వేరే నాడె (పోగును అడ్డంగా నడిపే పనిముట్టు) వాడతారు, అందుకే అంచు కలిసేచోట రంపపు పళ్లలా కనిపిస్తుంది. జరీని గోటితో గీకితే లోపల ఎర్ర పట్టుపోగు కనబడాలి. తెల్లపోగు వచ్చిందంటే అనుమానించాల్సిందే. చీర చివర వేలాడే పోగొకటి కాల్చండి: వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే బూడిద పొడైతే పట్టు. గట్టి గుండులా ముద్దకడితే పాలిస్టర్. బీరువాలో కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు, నల్లబడుతుంది.