సంతకం పెట్టిన ధరకే బండి ఇవ్వాలి

బ్రాడీపేట, గుంటూరు
జనవరి 2026

కంపెనీ వినియోగదారుల ఫిర్యాదుల విభాగం అధిపతి గారికి,

విషయం: మీ విజయవాడ డీలరు కొటేషన్‌లో రాసిచ్చిన ధరను బుకింగ్ తర్వాత పెంచడం, 2024 నాటి బండిని 2025 తయారీగా చూపడం గురించి.

నమస్కారం.

మీ కంపెనీ తయారుచేసే నలుగురు పడుకోగల క్యాంపర్ వ్యాను కోసం మీ విజయవాడ డీలరు దగ్గర లక్ష రూపాయలు కట్టి బుక్ చేసుకున్నాను. రశీదు నా పేరు మీదే ఉంది. బేరం ముగిశాక ఆన్‌రోడ్ ధర రూ. 27,40,000 అని కొటేషన్ రాసి, సేల్స్ మేనేజరు సంతకం చేసి, షోరూము ముద్ర వేసి ఇచ్చారు. డెలివరీ దగ్గరపడేసరికి అదే బండికి రూ. 29,07,500 బిల్లు వేశారు. మా పాత కారుకు ఒప్పుకున్న వెలను మాత్రం రూ. 2,60,000 నుంచి రూ. 1,95,000కు దించారు. అటు పెంచింది, ఇటు తగ్గించింది కలిపితే నా మీద పడుతున్నది రూ. 2,32,500. ఇందులో ఒక్క రూపాయి కూడా ప్రభుత్వం పన్ను పెంచినందువల్ల వచ్చింది కాదు, మీ కంపెనీ ధర పెంచినందువల్లా కాదు. ఈ సంగతి మీ డీలరు కూడా కాదనడం లేదు.

బేరమాడడం తప్పని నేను అనను. అమ్మేవాళ్లు నాలుగు రూపాయలు మిగుల్చుకోవాలని చూస్తారు, కొనేవాళ్లు నాలుగు రూపాయలు తగ్గించుకోవాలని చూస్తారు. కాని బేరానికి ఒక ముగింపు ఉంటుంది. ఇద్దరూ సరే అనుకుని, కాగితం మీద పెట్టి, బయానా పుచ్చుకున్న తర్వాత కూడా ఒక పక్షం మాత్రమే బేరం సాగిస్తూ ఉంటే దాన్ని ఏమంటారో మీరే చెప్పాలి. నేను కొత్తగా తగ్గింపు ఏమీ అడగడం లేదు. ఇచ్చిన మాటకు కట్టుబడమంటున్నాను.

ఈ బండి మాకు ఒట్టి సరదా కాదు. మా అత్తగారికి ఎనభై దాటాయి. అరకు చూడాలని, గండికోట చూడాలని ఆవిడకు ఇప్పటికీ ఆశ. కారులో కాసేపు కూర్చుంటే మోకాళ్లు బిగుసుకుపోతాయి. దారిలో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదన్న భయంతో ప్రయాణం అనగానే ముందురోజు నుంచే మంచినీళ్లు మానేస్తారు. అందుకే పడక, మరుగుదొడ్డి ఉన్న బండి వెతుక్కున్నాం. ఈ సంగతి మీ సేల్స్ ఎగ్జిక్యూటివ్‌కు మొదట్లోనే చెప్పాను. ఆ తర్వాత అతను ప్రతి అదనపు వస్తువునూ ‘ఇంట్లో పెద్దావిడ ఉన్నారు కదా మేడమ్’ అంటూనే అంటగట్టాలని చూశాడు.

బేరం జరిగిన తీరు కూడా మీకు తెలియాలి. బండి ధర ఎంత అని నేను అడిగితే, నెలకు ఎంత కట్టగలరని అతను ఎదురు అడిగాడు. నేను మళ్లీ ధరే అడిగాను. జవాబు మావారి వైపు తిరిగి చెప్పాడు. కొనేది నేను, పెట్టే డబ్బు నా రిటైర్మెంటు డబ్బు అని మావారే రెండుసార్లు గుర్తుచేయాల్సి వచ్చింది. ఆయన అక్కడికి వచ్చింది బండి లోపల తల తగులుతుందో లేదో చూడడానికి.

ఇక వడ్డీ సంగతి. పది లక్షలు అప్పు తీసుకుంటే ఏడు శాతమేనని, బ్యాంకులు కూడా ఇంత తక్కువకు ఇవ్వవని చెప్పాడు. అది ఫ్లాట్ వడ్డీ అన్న మాట నేను గుచ్చి అడిగేదాకా బయటికి రాలేదు. లెక్కల పంతులమ్మగా పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి అక్కడే కాగితం తీసుకున్నాను. పది లక్షలకు ఏడు శాతం చొప్పున ఐదేళ్లకు వడ్డీ రూ. 3,50,000, నెలసరి వాయిదా రూ. 22,500. ప్రతి నెలా అసలులో కొంత తీరిపోతూనే ఉన్నా వడ్డీ మాత్రం చివరి నెల దాకా పూర్తి పది లక్షల మీదే పడుతుంది. ఇదే వాయిదాను తరుగుతున్న బాకీ మీద లెక్కగడితే వడ్డీ దాదాపు 12.5 శాతం. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే ఇలాంటి అప్పులకు, ఖర్చులన్నీ కలిపిన వార్షిక రేటును చూపే ముఖ్య వివరాల పత్రం ఒప్పందానికి ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పత్రం చూపించమంటే, లోను మంజూరయ్యాక వస్తుందన్నాడు.

అప్పు మా బ్యాంకులోనే తీసుకుంటానని చెప్పి ఆ సంభాషణ ముగించాను. కొటేషన్ అప్పటికే నా చేతిలో ఉంది. ధర పెరగడం సరిగ్గా ఆ తర్వాతే మొదలైంది. ఫైనాన్స్ కంపెనీ నుంచి రావలసిన కమీషను పోయిందని, దాన్ని వేరే పద్దుల్లో నా దగ్గరే రాబట్టుకోవాలని చూస్తున్నారని నా నమ్మకం. కాదంటే, కొత్త బిల్లులో చేరిన ఈ కింది పద్దులకు వేరే కారణం ఏమిటో వాళ్లను రాతపూర్వకంగా చెప్పమనండి.

హ్యాండ్లింగ్ ఛార్జీలు రూ. 18,500. ఏమిటివి అని అడిగితే రవాణాశాఖ ఆఫీసు పనులకు అన్నారు. రిజిస్ట్రేషన్ రుసుము, లైఫ్ టాక్సు కొటేషన్‌లో విడిగా ఉన్నాయి, వాటికి ప్రభుత్వం రశీదు ఇస్తుంది. ఈ పద్దెనిమిదిన్నర వేలకు ఏ ఆఫీసు రశీదు ఇస్తుందో చెప్పమంటే ఎవరూ పలకలేదు. లాజిస్టిక్స్ రూ. 22,000, అంటే ఫ్యాక్టరీ నుంచి షోరూముకు తెచ్చిన ఖర్చట. షోరూముకు రాని బండిని షోరూము ధరకు ఎలా అమ్ముతారు?

బీమాకు కొటేషన్‌లో రూ. 91,000 వేసి, బిల్లులో రూ. 1,34,000 చేశారు. నేను బయట విచారించాను. అదే బీమా విలువ, అదే జీరో డిప్రిసియేషన్ (విడిభాగాల తరుగు కోయకుండా డబ్బు ఇచ్చే రక్షణ), కొత్త కారుకు తప్పనిసరైన మూడేళ్ల థర్డ్ పార్టీ, అన్నీ కలిపి రూ. 88,600కే ఒక బీమా కంపెనీ రాసిచ్చింది. అది తెచ్చుకుంటానంటే, బయటి బీమా అయితే క్యాష్‌లెస్ మరమ్మతు చేయమని, డెలివరీ కూడా ఆలస్యమవుతుందని బెదిరింపు. డీలర్లు బీమా అమ్మడంపై బీమా నియంత్రణ సంస్థ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఫలానా కంపెనీ దగ్గరే తీసుకోవాలని కొనేవారిని బలవంతపెట్టకూడదని అవి చెబుతున్నాయి. మీ డీలరుకు ఈ సంగతి తెలియకపోతే మీరు చెప్పండి.

యాక్సెసరీస్ కిట్టు రూ. 46,000. ఇందులో సీటు కవర్లు, మడ్ ఫ్లాపులు, నేల మీద పరిచే చాపలు, ఒక సెంటు సీసా ఉన్నాయి. సెంటు సీసాను విడదీసి ఇవ్వడం కుదరదట. వారంటీ పొడిగింపు రూ. 38,000, నేను అడగనే లేదు. ‘ఇది అందరికీ వేస్తాం మేడమ్’ అన్నారు. అందరికీ వేస్తారన్నది అన్యాయానికి సమాధానం ఎలా అవుతుందో నాకు అర్థం కాలేదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. పది లక్షలు దాటిన వాహనం మీద వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసి కట్టే ఆదాయపు పన్ను) గురించి నాకు ఫిర్యాదు లేదు. అది కొటేషన్‌లో ఉంది, నా పాన్ ఖాతాలో జమపడుతుంది, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటు చేసుకుంటాను. చట్టం అడిగింది ఇవ్వడానికి నేను ఎప్పుడూ వెనకాడలేదు.

పాత కారు విషయం ఇంతకన్నా విడ్డూరం. వాళ్ల మనిషే వచ్చి, బండి చుట్టూ తిరిగి, కుడి వెనక తలుపు మీద గీతలు, ముందు బంపరు మీద సొట్ట, అన్నీ పట్టికలో రాసుకుని రూ. 2,60,000 వెల కట్టాడు. ఇప్పుడు అవే గీతలు, అదే సొట్ట చూపించి రూ. 65,000 తగ్గించారు. ఆ పట్టిక నకలు నా దగ్గర ఉంది. దాని మీద వాళ్ల మనిషి సంతకం కూడా ఉంది.

ధర మాట అటుంచి, బండి సంగతికి వస్తాను. కొటేషన్‌లో ‘2025 తయారీ’ అని రాశారు. డెలివరీకి ముందు చూసుకోవాలని అడిగితే, ఎనికేపాడు దగ్గర ఉన్న వాళ్ల యార్డులో చూపించారు. టైర్ల పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మా బండి నాలుగు టైర్ల మీదా, స్టెప్నీ మీదా 1424 అని ఉంది. అంటే 2024 ఏప్రిల్ మొదటి వారం. టైరు బండికన్నా కొన్ని నెలలు ముందుది కావడం మామూలే కాబట్టి ఛాసిస్ నంబరు కూడా చూశాను. పదిహేడింటిలో పదో అక్షరం సంవత్సరాన్ని చెబుతుంది. 2025 అయితే ‘ఎస్’ ఉండాలి, ఇక్కడ ‘ఆర్’ ఉంది. అది 2024.

నిలదీస్తే, ఛాసిస్ 2024లోనిదే అయినా లోపలి పడకలు, వంటగట్టు 2025లో కట్టారని చెప్పారు. అలాగైతే ఆ మాట కొటేషన్ రాసేటప్పుడే చెప్పాలి. రిజిస్ట్రేషన్‌కు పెట్టే ఫారం 21లో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. రేపు నేను ఈ బండి అమ్మబోతే కొనేవాడు చూసేది దాన్నే తప్ప వంటగట్టు పుట్టినరోజును కాదు. పైగా లోపలి దీపాలకు, ఫ్యానుకు, నీళ్ల మోటారుకు కరెంటిచ్చే రెండో బ్యాటరీ పూర్తిగా దిగిపోయి ఉంది. నేను చూసినప్పుడు దీపం కూడా వెలగలేదు. లెడ్ యాసిడ్ బ్యాటరీని ఛార్జి లేకుండా నెలల తరబడి వదిలేస్తే పలకల మీద సల్ఫేటు పేరుకుని శక్తి తగ్గిపోతుంది, మళ్లీ ఛార్జి పెట్టినా మునుపటిలా పనిచేయదు. దాన్ని ‘పార్కింగ్‌లో ఉంది కదా మేడమ్, మామూలే’ అని తీసిపారేశారు.

ధర మరీ భారమనిపిస్తే ఇంకో దారి ఉందని సేల్స్ మేనేజరు స్వయంగా సలహా ఇచ్చారు. ఖాళీ వ్యాను తీసుకుని రిజిస్ట్రేషన్ చేయించుకుంటే, తర్వాత ఆటోనగర్‌లో తమకు తెలిసినవాళ్లు పడక, సింకు, మరుగుదొడ్డి బిగించి ఇస్తారట. ఐదారు లక్షలు కలిసొస్తుందట. ఆటోనగర్ పనివాళ్ల నైపుణ్యం మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఆ చేతులు కట్టని బండి లేదు. కాని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా రిజిస్టరైన బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 అని విడిగా ప్రమాణమే ఉంది. రేపు ప్రమాదం జరిగితే, అనుమతి లేని మార్పులున్నాయని బీమా కంపెనీ చేతులెత్తేస్తే, బండిలో ఉండేది మా అత్తగారు, మేము. ఇలాంటి సలహాను మీ కంపెనీ బోర్డు కింద కూర్చుని ఇవ్వడం మీకు సమ్మతమేనా?

బుకింగ్ రద్దు చేసుకుంటానన్నప్పుడు రూ. 25,000 కోత ఉంటుందన్నారు. రశీదుకు ముందూ వెనకా చదివాను, అలాంటి నిబంధన ఎక్కడా లేదు. ‘అది మా పద్ధతి’ అని మాత్రం విన్నాను.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. రూ. 27,40,000 ఆన్‌రోడ్ ధరకే, కొటేషన్‌లో రాసినట్టు పక్కకు సాచే గుడ్డ పందిరితో సహా, ఛాసిస్ కూడా 2025లో తయారైన బండిని ఇప్పించండి. బీమా నేను ఎంచుకున్న కంపెనీదే ఉండాలి, దాని ప్రీమియం నేను కట్టుకుంటాను కనుక కొటేషన్‌లోని రూ. 91,000 ధరలోంచి తీసేయాలి. పాత కారుకు రూ. 2,60,000 ఇవ్వాలి. రిజిస్ట్రేషన్ సొంత వాడకపు క్యాంపర్ వ్యానుగానే జరగాలి. 2025 బండి దొరకదంటే 2024 బండి తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, కాని అప్పుడు ధర మళ్లీ మాట్లాడాలి, అదీ తగ్గే వైపు. రెండో బ్యాటరీ కొత్తది వేయాలి. ఇవేవీ కుదరవనుకుంటే నా లక్ష రూపాయలు కోత లేకుండా నా ఖాతాలో వేయించండి, నేను వేరే చోట చూసుకుంటాను.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే మొదట వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆ తర్వాత గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. షోరూము విజయవాడలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉంటున్న ఊళ్లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. ఇప్పటిదాకా చెల్లించింది లక్షే కాబట్టి, ఐదు లక్షల లోపు ఫిర్యాదుకు రుసుము కూడా ఉండదు. లాయరును పెట్టుకోకుండా నేనే వాదించుకునే వీలుంది, నాకు తీరికా ఉంది.

కొటేషన్, బుకింగ్ రశీదు, కొత్త బిల్లు, పాత కారు తనిఖీ పట్టిక, బయటి బీమా కంపెనీ ఇచ్చిన లెక్క, టైర్ల ఫోటోలు, ఛాసిస్ నంబరు ఫోటో నకళ్లుగా జతచేశాను. అసలు కాగితాలు నా దగ్గరే ఉంటాయి.

ఫోనులో మాట్లాడాలనుకుంటే రశీదు మీద ఉన్న నా నంబరుకే చేయండి. మీ డీలరు తన రిజిస్టరులో మావారి నంబరు రాసుకున్నాడు. దానికి చేస్తే ఆయన ఎత్తి, తిన్నగా నాకే అందిస్తారు.

భవదీయురాలు,
బుకింగ్ రశీదులోని కొనుగోలుదారు,
విశ్రాంత గణిత ఉపాధ్యాయురాలు