ప్రోస్టేట్ వాపుకు పురుగుల కథలు

సంపాదకుడు గారికి నమస్కారం.

ఈ మధ్య మా పెరంబూరులో పేపరు మడతలో ఒక రంగుల కరపత్రం వస్తోంది. తెలుగులో ఒకవైపు, తమిళంలో ఒకవైపు. అరవై దాటిన మగవాళ్లు రాత్రిళ్లు మాటిమాటికీ మూత్రానికి లేవడానికి, ధార సన్నబడటానికి కారణం ఒంట్లో చేరిన పురుగులేనట. వాళ్ల పొడి తాగితే పురుగులు చచ్చి ప్రోస్టేట్ (మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) మామూలైపోతుందట. నేను రైల్వేలో ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యాను. నాకూ ప్రోస్టేట్ వాపు ఉంది, రోజూ రాత్రి మాత్ర వేసుకుంటాను. చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

మా వీధిలో ఒక పెద్దాయన, నెల్లూరు వైపు మనిషి, ఆ పొడి కొన్ని నెలలు తాగారు. ఒక రాత్రి జలుబు మాత్ర వేసుకుని పడుకున్నారు. తెల్లారేసరికి చుక్క మూత్రం రావట్లేదు, పొత్తికడుపు రాయిలా బిగిసింది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళితే గొట్టం వేసి తీశారు. (కొన్ని జలుబు మాత్రలు ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లకు మూత్రం బిగబట్టేలా చేస్తాయి. షాపులో అడిగి కొనాలి.) డాక్టరుకు ముందే ఎందుకు చూపించుకోలేదంటే, "కోడలి ముందు ఇదేమని చెప్పుకుంటాం సార్? పురుగులంటే కడుపు సంగతి, ఎవరికైనా చెప్పొచ్చు" అన్నారు. ఆ పొడి అమ్ముడుపోయేది ఈ మొహమాటం వల్లే.

పేగుల్లోని నులిపురుగులకూ ప్రోస్టేట్ వాపుకూ సంబంధం లేదు. వయసుతోపాటు ఆ గ్రంథి పెరుగుతుంది. 60 ఏళ్లకు సుమారు సగం మందిలో, 80 దాటాక పదిమందిలో ఎనిమిది మందిలో ఉంటుంది. అలాగని ఏ మూత్ర ఇబ్బందికీ పరాన్నజీవులు అసలే కారణం కావని కూడా అనను. ట్రైకోమోనాస్ అనే ఏకకణ జీవి లైంగిక సంబంధం ద్వారా సోకి ప్రోస్టేట్‌లో చేరగలదు. మగవాళ్లలో చాలామందికి లక్షణాలే ఉండవు. దానికీ ప్రోస్టేట్ క్యాన్సర్‌కూ సంబంధం ఉందేమోనని పరిశోధనలు చేశారు గానీ ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. ట్రైకోమోనాస్ ఉందని పరీక్షలో తేలితే డాక్టరు మెట్రోనిడజోల్ వంటి మందు భార్యాభర్తలిద్దరికీ ఇస్తారు. మూత్రాశయాన్ని పట్టే షిస్టోసోమా పురుగు ఉన్నా, అది ప్రధానంగా ఆఫ్రికా, మధ్యప్రాచ్యంలో నత్తలుండే నీళ్ల నుంచి సోకేది. పొడి పొట్లంతో తేలే వ్యవహారం ఇందులో ఒక్కటీ లేదు.

మూత్ర పరీక్ష, స్కానింగ్, పీఎస్ఏ (ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రోటీన్) రక్త పరీక్షతో చాలావరకు తెలిసిపోతుంది. పీఎస్ఏ పెరిగినంత మాత్రాన క్యాన్సరని టెన్షన్ పడక్కర్లేదు, ఇన్ఫెక్షన్‌కూ మామూలు వాపుకూ అది పెరుగుతుంది. మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకూడదు. డబ్బుకు ఇబ్బందైతే సెంట్రల్ స్టేషన్ ఎదుట రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో మూత్ర సంబంధ జబ్బులు చూసే యూరాలజీ విభాగం ఉంది.

ప్రోస్టేట్ జబ్బులు నయం చేస్తామంటూ మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల ప్రకటనల చట్టం నిషేధించింది. ప్రకటన ఇచ్చినవారికే కాదు, ప్రచురణలో పాలుపంచుకున్నవారికీ అది వర్తిస్తుంది. కాబట్టి ఇలాంటి కరపత్రాలు మడతల్లో పెట్టవద్దని మీ ఏజెంట్లకు గట్టిగా చెప్పండి. ఒక యూరాలజిస్టు చేత ఈ విషయం రాయించి, మాలాంటి చత్వారం కళ్లకు ఆనేలా పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఒక రిటైర్డ్ రైల్వే ఫార్మసిస్టు,
పెరంబూరు, చెన్నై