చిత్రవస్త్రానికి గట్టి జిగురు మేలు చేయదు

సంపాదకులకు,

చిత్రించిన వస్త్రాల మరమ్మతుపై మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసం, అందులో వాడిన జిగురును ‘ఎంత లాగినా ఊడిరాదు’ అని మెచ్చుకుంది. చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్న నాకు ఆ మెచ్చుకోలే దిగులు కలిగించింది.

గాలిలో తేమ పెరిగితే గుడ్డ పోగులు ఉబ్బుతాయి, తగ్గితే ముడుచుకుంటాయి; పాతబడి పెళుసెక్కిన రంగుపొర ఆ కదలికను అందుకోలేదు. లేచిన పెచ్చు కింద గుడ్డకన్నా బిరుసైన జిగురు చేరితే, అతికిన చోటు పదిలంగానే ఉంటుంది గానీ, దాని పక్కనే కొత్త పగులు పుడుతుంది. అందుకే ఒత్తిడి వచ్చినప్పుడు రంగుకన్నా ముందు జిగురే వదిలేయాలని మేము కోరుకుంటాం.

చిక్కదనమూ అంతే ముఖ్యం. సన్నని కుంచె మొనతో పెచ్చు అంచున ఒక చుక్క పెడితే, పలచని జిగురు పెచ్చును పట్టుకోకముందే పోగుల వెంట పాకిపోయి, ఆరాక ముదురు మరకై, చేతికి అట్టలా తగులుతుంది. మరీ చిక్కనిది అంచునే గడ్డకట్టి మెరుస్తుంది. స్టర్జన్ చేప జిగురు పలచగా ఉన్నా పట్టు ఇస్తుంది, కానీ తేమకు మెత్తబడి, పొడి గాలికి బిగుసుకుంటుంది. పారలాయిడ్ బి-72 అనే యాక్రిలిక్ జిగురు చాలాకాలం పసుపెక్కదు. అయితే 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడి దుమ్మును పట్టుకుంటుంది.

ఇవన్నీ అతికించిన మర్నాడు కనబడే గుణాలు కావు. ఒకప్పుడు పెచ్చులూడే రంగులకు విరివిగా వాడిన ‘కరిగే నైలాన్’ అనే జిగురు, కాలం గడిచాక కరగడమే మానేసింది. పాలీవినైల్ అసిటేట్ జిగుర్లలో కొన్ని ఎసిటిక్ ఆమ్లపు ఆవిరిని విడుస్తాయి. కెనడా సంరక్షణ సంస్థ 1983లో మొదలుపెట్టి ఇలాంటి జిగుర్ల ఆమ్లగుణాన్ని, పసుపెక్కడాన్ని, వంగే గుణాన్ని ఏళ్ల తరబడి పరీక్షించింది ఇందుకే. ‘కావాలంటే తీసేయవచ్చు’ అన్న వ్యాసకర్త ధీమానూ నేను పంచుకోలేను. నేతలోకి ఇంకిన జిగురును పూర్తిగా రాబట్టడం దాదాపు అసాధ్యం. అందుకు వాడే ద్రావణి రంగునే కరిగించినా కరిగించవచ్చు.

ఇకపై ఇలాంటి పని గురించి ప్రచురించేటప్పుడు ఏ జిగురు, ఎంత గాఢతలో, ఏ గుడ్డపై వాడారో, అలాంటి నమూనాను తేమ హెచ్చుతగ్గుల్లో ఎన్నాళ్లు ఉంచి చూశారో కూడా అడిగి రాయవలసిందిగా మనవి.

ఇట్లు,
వస్త్ర సంరక్షణ పనిలో ఉన్న ఒక పాఠకురాలు