బావా, మూడు చక్రాల బండి లెక్క ఇదీ

ఒరేయ్ బావా,

నిన్న ఫోన్ మధ్యలో పెట్టేశాను, ఏమీ అనుకోకు, ఇక్కడ కాలిఫోర్నియాలో పొద్దున్న మీటింగ్ మొదలైపోయింది, అక్కడ నీకేమో నిద్ర ముంచుకొచ్చేస్తోంది. నేను కొందామనుకుంటున్న మూడు చక్రాల మోటార్‌సైకిల్ గురించి నువ్వడిగింది ఒకటే ముక్క, "మూడు చక్రాలంటే ఆటోనే కదరా, దానికి అన్ని డాలర్లా" అని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. రాత్రి పడుకున్నాక కూడా అదే బుర్రలో తిరుగుతా ఉంది, అందుకే ఇవాళ ఆదివారం కాఫీ పెట్టుకుని కూర్చుని మొత్తం రాస్తున్నాను. నువ్వు ఇరవై ఏళ్ళు బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చున్నవాడివి, నా లెక్కలో చిల్లు ఎక్కడుందో నువ్వే చూసి చెప్పాలి.

ముందు అసలు ఎందుకు అన్నది. నా ఎడమ మోకాలు ఆపరేషన్ సంగతి నీకు తెలుసు. నడకకి ఏం ఇబ్బంది లేదు, మెట్లు కూడా ఎక్కుతున్నాను. బండి దగ్గరే తేడా వస్తోంది. నా హోండా గోల్డ్‌వింగ్ బైకు సామానుతో కలిపి నాలుగు వందల కిలోల పైమాటే, వెనకాల మీ చెల్లెలు. పోయిన సెప్టెంబర్లో తాహో సరస్సు కొండల నుంచి దిగి వస్తా ప్లేసర్‌విల్ దగ్గర పెట్రోల్ బంకులో ఆగాను, కాలు కింద పెట్టానో లేదో మోకాలు అలా లోపలికి మడతపడిపోయింది, బండి మెల్లగా పక్కకి ఒరిగిపోతా ఉంటే ఆపలేకపోయాను బావా. ఇద్దరికీ దెబ్బలేం తగల్లేదు, బంకులో ఎవరో ఇద్దరు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చి లేపారు. మీ చెల్లెలు ఒక్క మాట కూడా అనలేదు, ఇంటికొచ్చేదాకా నా భుజం మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆ రోజే అనుకున్నాను, ఇంక రెండు చక్రాల మీద ఆవిణ్ణి ఎక్కించుకోకూడదని. అలాగని బండి మానేయమంటే నా వల్ల కాదు, రాజమండ్రి నుంచి మారేడుమిల్లి దాకా నీ యెజ్డీ మీద వెళ్ళిన రోజుల నుంచీ ఉన్న పిచ్చి ఇది, నీకు వేరే చెప్పాలా.

ఇప్పుడు ఆటో సంగతి. ఆటోకి ముందు ఒకటి వెనక రెండు. నేను చూస్తున్న క్యాన్-యామ్ స్పైడర్‌కి తిరగేసి ఉంటుంది, ముందు రెండు, వెనక ఒకటి. కెనడాలో క్యుబెక్ వాళ్ళు, బీఆర్పీ అని కంపెనీ, 2007లో బయటికి తెచ్చారు. అందులో దూరాలు తిరగడానికి చేసింది ఆర్టీ మోడల్. ముందు రెండు చక్రాలు వెడల్పుగా ఉండబట్టి మలుపులో ఆటో లాగా బోర్లా పడే భయం చాలా తక్కువ, దానికి తోడు బండి ఒక పక్కకి లేస్తోందని కంప్యూటర్‌కి తెలిసిందంటే అదే ఇంజను పవర్ తగ్గించేసి బ్రేకులు వేసుకుంటుంది. నేను చూస్తున్న రకానికి క్లచ్ నొక్కే పని లేదు, గేరు ఎడమ బొటనవేలితో నొక్కడమే, స్పీడు తగ్గితే అదే దిగుతుంది, రివర్స్ గేరు కూడా ఉంది. చేతి బ్రేకు అసలు ఉండదు, మూడు చక్రాలకీ కలిపి కుడికాలి కింద ఒకటే పెడల్. నా ఎడమకాలికి పనే లేదు బావా, నాకు కావాల్సింది అదే.

ఇంకోటి కూడా, కాలిఫోర్నియాలో దీనికి మోటార్‌సైకిల్ లైసెన్సు అక్కర్లేదు, మామూలు కారు లైసెన్సు చాలు. అంటే కావాలంటే మీ చెల్లెలు కూడా నేర్చుకుని నడపొచ్చు. ఆవిడ కళ్ళు మెరవడం నేను చూశాను, పైకి ఒప్పుకోదు.

సరే డబ్బు. కొత్త ఆర్టీ అంటే రవాణా ఖర్చు, షోరూంలో బిగించిన ఖర్చు, సేల్స్ టాక్సు అన్నీ కలిపితే ముప్పై వేల డాలర్లు ఎటూ దాటేస్తుంది. ఇక్కడ టాక్సు రాష్ట్రం మొత్తానికి కనీసం 7.25 శాతం, పైన ఊరిని బట్టి ఇంకొంచెం పడుతుంది, మా దగ్గర 7.75 వేసుకున్నాను. ఒకరి దగ్గర పాతది కొన్నా వదలరు, పేరు మార్పించుకునేటప్పుడు డీఎంవీలో, అంటే మన ఆర్టీవో ఆఫీసు లాంటిదాన్లో, కట్టించుకుంటారు. షోరూం అతను నెలవారీ కంతు చెప్పి ఊరించాడు గానీ నువ్వెప్పుడూ చెప్పేదే గుర్తొచ్చింది, కంతు చూడకు, తరుగు చూడు, అంటే ఏడాదికి విలువ ఎంత పడిపోతుందో చూడు అని. ఇలాంటి బండ్లు కొనేవాళ్ళు తక్కువ, అమ్మబోతే తీసుకునేవాళ్ళు ఇంకా తక్కువ, ఐదేళ్ళలో కొత్త బండి సగం విలువ పోగొట్టుకుంటుందనే నేను వేసుకున్నాను. అంటే ఏడాదికి మూడు వేలు పైనే ఊరికే కరిగిపోతాయి, బండి గ్యారేజీలో పడుకున్నా సరే.

అందుకని పాతది చూస్తున్నాను. అందులో కూడా ఏడాది చాలా ముఖ్యం. 2010 నుంచి 2013 దాకా వచ్చిన ఆర్టీలకి 998 సీసీ రెండు సిలిండర్ల ఇంజను, చవగ్గా దొరుకుతాయి గానీ నాకొద్దు. 2014 నుంచి 1330 సీసీ, మూడు సిలిండర్లు, నిదానంగా తిరుగుతా బలంగా లాగుతుంది, 115 హార్స్‌పవర్. ఆయిలు మార్చాల్సింది 15,000 కిలోమీటర్లకి ఒకసారి, లేదా ఏడాదికోసారి. నా కంట్లో పడింది 2016ది, పద్దెనిమిది వేల మైళ్ళు తిరిగింది, అడిగేది 13,000 డాలర్లు. మళ్ళీ ఐదేళ్ళకి ఏడు వేలకి పోతుంది అనుకుందాం, టాక్సుతో కలిపి ఏడు వేలు తరుగు, ఏడాదికి 1,400.

ఇంక మెయింటెనెన్సు, ఇక్కడే అసలు కథంతా ఉంది, కొంచెం ఓపిగ్గా చదువు.

అన్నిటికన్నా ముందు వెనక టైరు. అది బైకు టైరు కాదు, 225 వెడల్పు, 15 అంగుళాల చక్రం, చూడ్డానికి కారు టైరులాగే ఉంటుంది. బండి బరువు పెట్రోలు, ఆయిలు లేకుండానే 460 కిలోల దాకా, పైన మేమిద్దరం, సామాను. ఇంజను లాగుడంతా ఆ ఒక్క చక్రం మీదే. మధ్యలో అరిగిపోతుంది. వాడేవాళ్ళని అడిగితే ఒకాయన ఎనిమిది వేల మైళ్ళన్నాడు, ఇంకొకాయన పన్నెండన్నాడు, నేను పదివేలు వేసుకున్నాను. మార్చాలంటే చక్రం ఊడదీయాలి, మళ్ళీ బిగించేటప్పుడు చెయిను బదులు ఉండే డ్రైవ్ బెల్టు టెన్షనూ లైనూ సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే బెల్టు పక్కకి రాసుకుంటా పోతుంది. ఈ పని మామూలు బైకు షాపుల్లో చాలామంది ముట్టుకోరు, కారు టైర్ల షాపువాడు "చక్రం ఊడదీసి పట్రా, టైరెక్కిస్తా" అంటాడు. ఒక డీలర్ అయితే నాకు 450 డాలర్లు చెప్పాడు, టైరూ పనీ కలిపి. ముందు టైర్లు రెండూ చిన్నవి, దాదాపు రెట్టింపు కాలం వస్తాయి. కొంతమంది వెనక అసలు కారు టైరే వేసేస్తున్నారు, చవక, ఎక్కువ రోజులు వస్తుందని. నేను మాత్రం వెయ్యను, వెనకాల కూర్చునేది ఎవరో నాకు తెలుసు కాబట్టి. ఏడాదికి టైర్ల కింద 350 పక్కన పెట్టాను.

రెండోది ప్లాస్టిక్కు. ఈ బండికి ఒళ్ళంతా ప్యానెళ్ళే. ఆయిలు మార్చాలన్నా, ఎయిర్ ఫిల్టర్ చూడాలన్నా, స్పార్క్ ప్లగ్గులు తియ్యాలన్నా ముందు అవన్నీ ఒక్కొక్కటీ ఊడదీసి పక్కన పెట్టుకోవాలి, మళ్ళీ అదే వరసలో బిగించాలి. షాపుల్లో గంటకి 150 డాలర్లు పైన తీసుకుంటున్నారు, అంటే నువ్వు ఆయిలుకి కాదు, స్క్రూలు తిప్పినందుకు డబ్బు కడుతున్నావన్నమాట. నేను చేసుకోగలను అనే నమ్మకం ఉంది. డ్రైన్ ప్లగ్గులు రెండు, ఫిల్టర్లు కూడా రెండు, ఒకటి ఇంజనుకి, ఇంకోటి ఆ గేర్ల హైడ్రాలిక్‌కి, ఆయిలు ఐదు లీటర్ల దాకా. మొదటిసారి ఒక పూట పడుతుందేమో, తర్వాత రెండు గంటలు. కిట్టు కొనుక్కుని నేనే చేసుకుంటే 150లో తేలిపోతుంది. మీ నాన్నగారి స్కూటరు కార్బొరేటర్ విప్పి మళ్ళీ బిగించలేక రాత్రి దాకా కూర్చున్నాం చూడు, అప్పటికన్నా ఇప్పుడు చేతులు కాస్త మెరుగయ్యాయి.

బ్రేక్ ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి, కూలెంట్, బ్యాటరీ, ముందు చక్రాలకి లేజర్ అలైన్‌మెంట్ ఒకసారి, ఇవన్నీ కలిపి ఏడాదికి 250. డ్రైవ్ బెల్టుకి ఇన్ని మైళ్ళకని లేదు గానీ రాయి ఇరుక్కుని చిరిగిందా, పెద్ద ఖర్చే.

ఇన్సూరెన్సు 600 చెప్పారు. 2025 జనవరి నుంచి ఇక్కడ కనీస లయబిలిటీ, అంటే ఎదుటివాళ్ళకి దెబ్బలు తగిలితే ఇన్సూరెన్సు కట్టాల్సిన మొత్తం, పెంచేశారు, ఇంతకుముందు మనిషికి పదిహేను వేల డాలర్లు ఉండేది ముప్పై వేలయింది, నేనెలాగూ అంతకన్నా ఎక్కువే తీసుకుంటాను. రిజిస్ట్రేషన్ రెండొందలు, మోటార్‌సైకిల్ కింద లెక్క కాబట్టి పొగ పరీక్ష లేదు. పెట్రోలు గాలనుకి 35 మైళ్ళు అటూ ఇటూ, మన లెక్కలో లీటరుకి 15 కిలోమీటర్లు. నీ బుల్లెట్ దీనికి రెట్టింపు ఇస్తుంది. ఏడాదికి ఐదు వేల మైళ్ళు తిరిగితే 700 డాలర్లు.

మొత్తం కూడితే ఏడాదికి 3,650. మన డబ్బుల్లో మూడు లక్షలు దాటేసింది బావా. నాకు కూడా గుండె ఒకసారి ఆగినట్టయింది, మళ్ళీ కూడాను, అంతే వచ్చింది.

అయితే అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. ఆ లెక్కలో ఐదు వేల మైళ్ళు అని నేనే రాసుకున్నాను కదా, అది ఎక్కణ్ణుంచి వచ్చిందని మీ చెల్లెలు అడిగింది. పోయి గోల్డ్‌వింగ్ పెట్టెలో ఉన్న నా చిన్న పుస్తకం తీశాను, ప్రతి సర్వీసుకీ మీటరు రాస్తాను కదా అందులో. పోయినేడాది తిరిగింది 2,100 మైళ్ళు. అంతే. మోకాలు వల్ల కొంత, పని వల్ల కొంత, ఇక్కడ జూలై ఆగస్టుల్లో నలభై డిగ్రీల ఎండ వల్ల కొంత. ఐదు వేలు తిరిగితే మైలుకి 73 సెంట్లు పడే బండి, 2,100 తిరిగితే డాలరు 45 సెంట్లు పడుతుంది, ఎందుకంటే తరుగూ ఇన్సూరెన్సూ మనం తిరిగామా లేదా అని చూడవు. టైరు ఖర్చు గురించి వారం రోజులు కొట్టుకున్నాను గానీ అసలు ఖరీదు నిర్ణయించేది నేనెన్ని ఆదివారాలు బయటికి తీస్తాను అన్నదే.

అప్పుడు అద్దె లెక్క వేశాను. ఇక్కడ రోజుకి 200 డాలర్ల దరిదాపుల్లో ఇన్సూరెన్సుతో కలిపి దొరుకుతున్నాయి. ఏడాదికి పన్నెండు రోజులు తీసుకున్నా పెట్రోలుతో కలిపి 2,700 లోపే. 2,100 మైళ్ళకి సొంత బండి అయితే 3,000 పైన. తేడా పెద్దగా లేదు, కానీ అద్దె బండికి టైరు నాది కాదు, బెల్టు నాది కాదు, మోకాలు మళ్ళీ మొరాయిస్తే అమ్ముకోవాల్సిన తలనొప్పి లేదు. అయితే అద్దె బండి అంటే వారం ముందు బుక్ చెయ్యాలి, పొద్దున్నే లేచి వాతావరణం బావుందని తాళం తీసుకుని బయల్దేరడం ఉండదు. నాకు ఆ సంతోషానికి విలువ ఉంది, దాన్ని ఏ కాలమ్‌లో రాయాలో తెలీలేదు గానీ ఏడాదికి మూడు నాలుగు వందలు ఇవ్వడానికి నాకు ఇష్టమే.

హార్లీ ట్రైగ్లైడ్ కూడా చూశాను, అది ఆటో లాగే వెనక రెండు చక్రాలు, 1868 సీసీ, గంభీరంగా ఉంటుంది, కూర్చుంటే దిగబుద్ధి కాదు. షాపులు ఎక్కువ, పాతవి కూడా ధర బాగా నిలబెట్టుకుంటున్నాయి. కానీ పాతదే నా బడ్జెట్‌కి రెట్టింపు. నా గోల్డ్‌వింగ్‌కే వెనక రెండు చక్రాల కిట్టు వేయిద్దామా అనుకున్నాను, ఆ కిట్టూ కూలీ కలిపితే పాత స్పైడర్ వచ్చేస్తోంది. వదిలేశాను.

ఒక్క విషయం మాత్రం బాధగా ఉంది. ఇక్కడ ట్రాఫిక్ ఆగినప్పుడు కార్ల మధ్యలోంచి బైకు పోనివ్వొచ్చు, చట్టమే ఒప్పుకుంటుంది, కానీ రెండు చక్రాల వాటికి మాత్రమే. దీనికి ఆ అవకాశం లేదు, మీటరున్నర వెడల్పు, కార్ల వెనకే నిలబడాలి. ఇంకోటి, మలుపులో వంగదు బావా. బైకు వంగితే ఒళ్ళు కూడా దానితో పోతుంది కదా, ఇది బయటికి తోస్తుంది, హ్యాండిల్ లాగి తిప్పాలి. పావుగంట నడిపి చూశాను, మొదట పరాయిగా అనిపించింది, చివరి ఐదు నిమిషాల్లో చేతులు కొంచెం అర్థం చేసుకున్నాయి. సిగ్నల్ దగ్గర ఆగి రెండు కాళ్ళూ పైనే ఉంచుకున్నాను. ఎన్నాళ్ళయిందో అలా భయం లేకుండా ఆగి.

అందుకే ఇలా అనుకున్నాం ఇద్దరం. ఏప్రిల్ నుంచి మూడు వారాంతాలు అద్దెకి తీసుకుంటాం, ఒకసారి హైవే 49 మీద సోనోరా దాకా, ఒకసారి లివర్‌మోర్ గుడికి, ఇంకోసారి ఎక్కడికన్నా దూరం. మూడు సార్లూ ఆవిడకి వెనక సీటు హాయిగా ఉండి, నా మోకాలు నోరు మూసుకుని ఉంటే, గోల్డ్‌వింగ్ అమ్మేసి 1330 ఇంజనుది పాతది కొంటాను, అప్పు లేకుండా. కొనేముందు వెనక టైరు మధ్యలో ఎంత మిగిలిందో, బెల్టు అంచులు ఎలా ఉన్నాయో చూడాలి, సర్వీసు రసీదులు అడగాలి, వీఐఎన్, అంటే బండి ఛాసిస్ నంబరు కొట్టి, రీకాల్ పనులు, అంటే లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి చేసే రిపేర్లు, అయ్యాయో లేదో ప్రభుత్వం సైట్లో ఊరికే చూసుకోవచ్చు, అదీ చూస్తాను. 13,000 అడుగుతున్నవాడి టైరు అరిగిపోయి ఉంటే 450 తగ్గించి మాట్లాడతాను, అది నువ్వు నేర్పిందే.

నువ్వు మేలో పాప గ్రాడ్యుయేషన్‌కి వస్తున్నావు కదా, ఆ మూడో వారాంతం నీ కోసం ఉంచుతాను. హైవే 50 మీద ఎకో సమిట్ ఎక్కి, పైన ఏడు వేల అడుగుల దగ్గర మలుపు తిరగ్గానే కింద తాహో లోయ కనిపిస్తుంది, అక్కడ ఆగుదాం. మే నెలలో కూడా కొండల మీద మంచు ఉంటుంది, స్వెటర్ మర్చిపోకు. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా ఇక్కడ హెల్మెట్ తప్పనిసరి, చెల్లెమ్మని టేపుతో నీ తల చుట్టూ కనుబొమ్మల పైన కొలిచి సెంటీమీటర్లు పంపమను, నీ సైజుది వెతికి పెడతాను. ఆ తరుగు లెక్క మాత్రం ఈ వారంలోనే చూసి చెప్పు, ఐదేళ్ళకి ఏడు వేలు అనేది నేను ఎక్కువ ఆశపడి వేసుకున్నానేమో అని అనుమానంగా ఉంది.

నీ
బావ