మూడు కంప్యూటర్లు తిరిగొచ్చాయి, అందులో రెండు నా తప్పే

దసరాకీ దీపావళికీ మధ్య విజయనగరంలో మా షాపు నుంచి కొత్త డెస్క్‌టాప్ తీసుకెళ్లినవాళ్లు కొంచెం ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా నల్ల క్యాబినెట్, ఎడమ పక్క అద్దం, పైన పవర్ బటన్ పక్కనే చిన్న గుండ్రటి రీసెట్ బటన్ ఉన్నది తీసుకున్నవాళ్లు. ఆ రకం 11 తెచ్చాను, 9 అమ్మాను. ఆరుగురితో మాట్లాడాను. మిగతా ముగ్గురి నంబర్లు కలవడం లేదు. వాళ్లవి కూడా దానంతట అవే రీస్టార్ట్ కావచ్చు, అందుకే ఇలా రాస్తున్నాను.

మొదటిది రాజాం వైపు ఫోటో స్టూడియో నడుపుతున్న తమ్ముడిది. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాడు. తీసుకెళ్లిన నాలుగో రోజే ఫోన్. "అన్నా, పని చేస్తుంటే దానంతట అదే రీస్టార్ట్ అయిపోతోంది. ఎర్రర్ చూపించే బ్లూ స్క్రీనూ లేదు, ఏమీ లేదు. టప్పున నల్లబడి మళ్లీ మొదట్నుంచి వస్తోంది."

షాపుకి తెప్పించి రెండు రోజులు ఆడించాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ప్రాసెసర్ మీద లోడ్ పెట్టి వేడి చూశాను, బాగానే ఉంది. ర్యామ్‌కి రాత్రంతా మెమ్‌టెస్ట్ (ర్యామ్‌లో తప్పులు పట్టే ప్రోగ్రామ్) పెట్టాను, ఒక్క తప్పూ లేదు. ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే పెట్టె) 12 వోల్టుల లైన్ మీద మీటర్ పెడితే 12.1 చూపించింది. 11.4 నుంచి 12.6 దాకా ఉండొచ్చు కాబట్టి అదీ బాగున్నట్టే. అయినా అనుమానం తీరక ఎస్‌ఎంపీఎస్ మార్చేశాను. విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే 'కెర్నల్-పవర్ 41' అని ఎర్ర గుర్తులు వరసగా ఉన్నాయి. పవర్ అన్న మాట కనబడగానే నా బుర్ర అక్కడే ఆగిపోయింది. "మీ ఊళ్లో కరెంటు బాగోలేదు తమ్ముడూ" అని చెప్పి 3,400 రూపాయల యూపీఎస్ అంటగట్టాను. అవును, అంటగట్టడమే.

నిజానికి ఆ 41కి అర్థం కరెంటు పోయిందని కాదు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే సిస్టమ్ మళ్లీ మొదలైందని విండోస్ లేచాక రాసుకునే మాట అది. కరెంటు పోయినా అదే రాస్తుంది, హ్యాంగ్ అయితే మనం బటన్ నొక్కి ఆపినా అదే రాస్తుంది, ఎవరో రీసెట్ నొక్కినా అదే. ఇంకోటి కూడా నాకు తట్టాల్సింది. కరెంటు పూర్తిగా పోయి వస్తే, బయోస్‌లో (మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో) మనం మార్చకపోతే చాలా మదర్‌బోర్డులు ఆఫ్‌లోనే ఉండిపోతాయి, మళ్లీ బటన్ నొక్కాలి. ఇదేమో ఎవరూ ముట్టుకోకుండా తనే లేచి కూర్చుంటోంది. పదేళ్లుగా ఈ పని చేస్తూ ఆ తేడా పట్టించుకోలేదు.

యూపీఎస్ పెట్టిన వారానికి మళ్లీ ఫోన్. ఈసారి బండేసుకుని నేనే వెళ్లాను. వాళ్లమ్మగారు టీ ఇస్తూ, "ఏటి బాబూ, పిల్లి బల్ల మీంచి గెంతినా ఆగిపోతంది మీ కంప్యూటరు" అన్నారు. నవ్వేశాను. టీ సగం తాగాక నవ్వు ఆగింది. లేచి క్యాబినెట్ కుడి పక్క రేకు మీద అరచేత్తో మెల్లగా తట్టాను. రీస్టార్ట్. విండోస్ వచ్చేదాకా ఆగి మళ్లీ తట్టాను. మళ్లీ రీస్టార్ట్.

రేకు విప్పితే కనబడింది. రీసెట్ బటన్ నుంచి వచ్చే సన్నటి వైర్ల జత పక్కకి జారి క్యాబినెట్ అంచు మీద పడింది. రేకు మూసినప్పుడు రెండు ఇనుముల మధ్య నలిగింది. ఒక వైరు తొడుగు గోటితో గిల్లినంత మేర చిట్లి లోపలి రాగి మెరుస్తోంది. ఆ రాగి రేకుకి తగిలిన ప్రతిసారీ రీసెట్ బటన్ నొక్కినట్టే. మరి షాపులో ఎందుకు ఆగలేదంటే, మేం టెస్ట్ చేసేటప్పుడు పక్క రేకులు విప్పేసి పెడతాం. అక్కడ వైరుని నొక్కేదే లేదు.

సిరిమానోత్సవం వారం రద్దీలో వైర్లకి టై వెయ్యకుండా, రేకు సరిగ్గా పట్టకపోతే మోకాలితో అదిమి స్క్రూలు బిగించింది నేనే. మా కుర్రాడి మీద పెట్టడానికి లేదు, బిల్లు మీద బిగించినవాళ్ల సంతకం ఉంటుంది. యూపీఎస్ డబ్బులు అక్కడే తిరిగిచ్చాను. ఆ తమ్ముడికి రెండు రాత్రుల పని పోయింది. దానికి ఏమివ్వాలో తెలియక క్షమించమని అడిగి వచ్చాను.

రెండోది శ్రీకాకుళం బీటెక్ కుర్రాడిది. ఇదీ దానంతట అదే రీస్టార్ట్ అవుతోంది. వాళ్ల నాన్నగారు ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. నేనిచ్చిన 8 జీబీ ర్యామ్‌కి అతని పాత 8 జీబీది, వేరే కంపెనీది, జత చేసి ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేసి 3200 స్పీడు పెట్టాను. విండోస్ వచ్చింది, బిల్లు రాశాను. మెమ్‌టెస్ట్ పెట్టలేదు. విండోస్‌లో బ్లూ స్క్రీన్ వచ్చాక తనే రీస్టార్ట్ అయ్యేలా సెట్టింగ్ ముందే ఉంటుంది, అందుకని అది చదివేలోపే మాయమవుతోంది. స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి ఆ టిక్ తీసేశాక బ్లూ స్క్రీన్ నిలబడింది. ఒక్కోసారి ఒక్కో ఎర్రర్. అలా మారుతుంటే ముందు ర్యామ్‌నే అనుమానించాలి. మెమ్‌టెస్ట్ రెండో రౌండులో తప్పులు బయటపడ్డాయి, ఎక్స్ఎంపీ తీసేస్తే పోయాయి. జతగా వచ్చే ర్యామ్ సెట్ నాకు పడిన ధరకే ఇచ్చాను.

మూడోది నిజంగానే కరెంటు వల్ల. బొబ్బిలిలో జిరాక్స్ షాపు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు సిస్టమ్ పడిపోతోంది. కరెంటు లేకుండా ఎస్‌ఎంపీఎస్ నెట్టుకురాగలిగేది సుమారు సెకనులో అరవయ్యో వంతు మాత్రమే. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో అంతకంటే ఆలస్యం కావచ్చు. చాలా ఇన్వర్టర్లకి, తొందరగా అందుకునేలా, యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉంటుంది. అది మార్చాం, పైసా ఖర్చు లేదు.

ఇక ఆ క్యాబినెట్ ఉన్నవాళ్లు, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆగకపోయినా తీసుకురండి. పది నిమిషాల పని, డబ్బులేం తీసుకోను. రాలేకపోతే ప్లగ్ పీకేసి, వెనక రెండు స్క్రూలు తీసి కుడి రేకు జరిపి చూడండి. నలిగిన వైరు కనబడితే అలాగే వదిలేసి, ఎడమ పక్క అద్దం తీసి, మదర్‌బోర్డు కింది మూలలో 'రీసెట్ ఎస్‌డబ్ల్యూ' (RESET SW) అని రాసి ఉన్న, వైరు చివరి చిన్న ప్లాస్టిక్ కనెక్టర్ లాగేయండి. ఆ బటన్ లేకపోయినా కంప్యూటర్‌కి ఏ లోటూ రాదు. నా సొంత సిస్టమ్‌కి నేనసలు కలపనే లేదు. రేకు విప్పితే వారంటీ పోతుందని భయపడకండి, నా వారంటీ పోదు.

ఇకమీదట ప్రతి సిస్టమూ రెండు రేకులూ బిగించాకే టెస్ట్‌కి వెళ్తుంది. ఒక రాత్రి మెమ్‌టెస్ట్, ఒక పగలు లోడు, మధ్యలో నాలుగు తట్లు. డెలివరీ రెండు రోజులు లేటవుతుంది. అంత ఆగలేనివాళ్లు ముందే చెప్పండి, ఆర్డర్ తీసుకోను.

శుక్రవారం ఉదయం శ్రీకాకుళం వస్తున్నాను. ఆమదాలవలస, నరసన్నపేట వాళ్లు కూడా గురువారం సాయంత్రంలోగా బిల్లు మీదున్న నంబరుకి ఫోన్ చేస్తే అటూ వస్తాను. బిల్లు పారేసినా పరవాలేదు, క్యాబినెట్ చూస్తే గుర్తుపడతాను.